ఓసారి ఆపి పెట్టు

"పోయింది!" వెనక గదిలోంచి కూతురు కేకేసింది.

తండ్రి చేతిలోని పట్టకారు బల్ల మీద పడేసి ముందుగదిలోకి పరిగెత్తాడు. కిటికీ పక్కన గోడకున్న రూటర్‌ని ఆపాడు. కళ్లు మూసుకుని కాసేపు ఓపిక పట్టాడు. మళ్లీ వేశాడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అన్నీ పచ్చగా, బుద్ధిమంతుల్లా.

"వచ్చింది!" అంది కూతురు. కాస్సేపటికి, "అయ్యో, మళ్లీ పోయింది నాన్నా!"

అతను గడియారాలు బాగుచేస్తాడు. ఆవగింజంత చక్రాన్ని ఊపిరి బిగబట్టి దాని చోట కూర్చోబెట్టే మనిషి. మొరాయించిన గడియారం ఏదైనా ఆ చేతుల్లో పడితే నడవాల్సిందే. అలాంటివాణ్ని ఈ రూటర్ మూడు నెలలుగా ఏడిపిస్తోంది.

ఇవాళ ఏడిపిస్తే కుదరదు. నాలుగింటికి కూతురికి గొంతు పరీక్ష. పుస్తకాలు చదివించి రికార్డు చేసే కంపెనీవాళ్లు, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని చదువుతుంటే అక్కణ్నించి వింటారు. మొన్న మొదటి పేజీ మధ్యలోనే నెట్ పోయింది. వాళ్లు దయతలిచి ఇంకో అవకాశం ఇచ్చారు. ఆ పైన ఉండదని కూడా చెప్పారు.

కంప్యూటర్‌ని ముందుగదికి మార్చుదామంటే అక్కడంతా వీధి రొద.

"యాంటెన్నా కొంచెం ఇటు తిప్పి చూస్తానుండు."

"పొద్దున్నించి దానికి నాలుగు దిక్కులూ చూపించావు. ఇక ఆకాశమే మిగిలింది."

రూటర్ మీద దుమ్ము దులిపాడు. తలుపులన్నీ బార్లా తెరిచాడు. బీరువా అడ్డమేమోనని దాన్నీ పక్కకు జరిపాడు. నడుము పట్టింది గానీ నెట్ పట్టలేదు.

అంతలో అతని అమ్మ మెట్లెక్కి వచ్చింది.

కింది వాటాలో అతని తమ్ముడుంటాడు. అమ్మ ఓ పూట పైన, ఓ పూట కింద. ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది ఆవిడే. ఎందుకంటే అన్నదమ్ములకు మాటల్లేవు. పోయిన నాన్న గొడుగును తమ్ముడు ఏదో బస్సులో మర్చిపోయి వచ్చాడు. "బస్సు నడిపేవాడివి, బస్సులోనే గొడుగు వదిలేసి వస్తావురా?" అన్నాడు అన్న. తమ్ముడికి రోషం వచ్చింది. అప్పటిదాకా ఇద్దరికీ ఒకటే నెట్. ఆ వారమే వేరేది పెట్టించుకున్నాడు. బిగించే రోజు అతను డ్యూటీలో ఉంటే అమ్మే దగ్గరుండి చూసుకుంది. అన్న రూటర్ ముందుగదిలో ఉంటే తమ్ముడిది వెనక గదిలో. అన్న కంప్యూటర్ వెనక గదిలో ఉంటే తమ్ముడిది ముందుగదిలో.

అందులో కూడా వాడు నాకు ఎదురే, అనుకున్నాడు అన్న.

"కింద వాడిదీ ఇదే గోలరా. మ్యాచ్ మధ్యలో ఆగిపోయిందని నెత్తి కొట్టుకుంటున్నాడు," అంది అమ్మ.

అన్న మొహం విప్పారింది. "బాగా అయింది."

"నీది ఓసారి ఆపి మళ్లీ పెట్టరాదూ?"

"ఇప్పుడే పెట్టానమ్మా."

"ఇంకోసారి పెట్టు. నాకేం తెలుసులే, దీపాలు వెలిగాయా లేదా చూడ్డం తప్ప."

ఆపి మళ్లీ పెట్టాడు. నెట్ వచ్చింది. అమ్మ తృప్తిగా తలూపి కిందికి దిగింది. కాసేపటికి కింద ఆవిడ గొంతు వినిపించింది. "చిన్నోడా, నీదీ ఓసారి ఆపి మళ్లీ పెట్టి చూడరా!"

నాలుగు కావస్తోంది. కూతురు మంచినీళ్లు తాగి గొంతు సవరించుకుంది. తెర మీద చక్రం మళ్లీ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద బోర్లించింది.

అది చూసి అన్న బాల్కనీలోకి వెళ్లాడు. పిట్టగోడ పట్టుకుని కిందికి వంగాడు.

"ఒరేయ్! నీదైనా పనిచేస్తోందా?"

కింద కుర్చీ కిర్రుమంది.

"లేదన్నయ్యా! ఏం, అమ్మాయి పరీక్ష టైమైందా?"

"అయింది. పైకి రారా."

తమ్ముడు రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దేనికో అతనికే తెలియదు.

"బాబాయ్, నాన్నా, ఇద్దరూ ఇక్కడే కూర్చోండి. ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అంది కూతురు. చెరోవైపూ చతికిలబడి, బడిపిల్లల్లా చేతులు కట్టుకున్నారు.

చక్రం ఆగింది. అవతలివాళ్ల మొహాలు కనిపించాయి. కూతురు చదవడం మొదలుపెట్టింది.

ఒక పేజీ అయింది. ఇంకో పేజీ. కథ మొత్తం అయిపోయింది. తెర మీద బొమ్మ ఒక్కసారి కూడా తడబడలేదు. "ఎప్పటినుంచి రాగలరు?" అని అడిగారు వాళ్లు.

తమ్ముడు ఈల వేశాడు. "చూశావా, నా కాలు పడగానే కుదురుకుంది!"

"నీ కాలేం కాదు, నా యాంటెన్నా."

"అన్నయ్యా... ఆ గొడుగు..."

"పోనీలేరా. ఏదో బస్సెక్కి ఊళ్లు తిరుగుతూ ఉంటుంది. నాన్నకు తీరని ముచ్చట అదే కదా."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చెరోవైపూ తలలు తిప్పుకున్నారు.

అమ్మ పైకొచ్చి అందరికీ ఒక్కచోటే టీ పోసి, తనూ ఓ గ్లాసు పట్టుకుని వాళ్ల మధ్యన కూర్చుంది.

కింది రూటర్‌కి కూడా పైదాని పేరే, పాస్‌వర్డే పెట్టించి, అన్న కంప్యూటర్ తమ్ముడి నెట్‌నీ, తమ్ముడి కంప్యూటర్ అన్న నెట్‌నీ పట్టుకునేలా, ఒకరు రూటర్ ఆపితే ఇంకొకరికి నెట్ పోయేలా చేసింది తనేననే సంగతిని ఆవిడ టీతో పాటు మింగేసింది.