ఉడుతమ్మ బండి

ఒక పెరట్లో ఉడుతమ్మ కొబ్బరిచిప్ప బండి చక్రం విరిగి దారికడ్డంగా పడి ఉంది. పెరటి కాపలా తొండ వచ్చింది.

"నడవని బండి దారిలో ఉండకూడదమ్మా. పిల్లి తరిమితే ఎలకలు ఎటు పారిపోతాయి? పొద్దుగూకేలోగా తీయకపోతే చెదపురుగులకు అప్పగిస్తాం."

ఆ మాటా నిజమే అనిపించింది ఉడుతమ్మకు. కానీ చనిపోయిన పెనిమిటి పళ్ళతో చెక్కిన బండిని చెదలపాలు చేయడానికి మనసొప్పలేదు.

"నడిపించి చూపిస్తే?" అంది.

"ఇంటి పక్కన పెట్టుకో, కాదనను."

ఉడుతమ్మ ఎండిన వక్కను పట్టుకుని గుండ్రంగా కొరకసాగింది. చిగుళ్ళు చిట్లినా ఆపలేదు. చెదలు బారులు తీరి వచ్చేసరికి కొత్త చక్రం బిగించి, భుజం ఆనించి నెట్టింది. బండి కిర్రుమని కదిలింది.

తొండ చెదలను వెనక్కి పంపి, సాయం పట్టబోయింది.

"నువ్వుండన్నా, నేనే తోసుకుంటా" అని ఉడుతమ్మ బండిని గూటి పక్కకు చేర్చాకే కూలబడింది.