చున్నీ కొస

కొత్త ఊళ్లో ఉద్యోగంలో చేరి నెల కాలేదు, పక్క గది అక్కా ఆమె స్నేహితులూ నన్ను తమలో కలిపేసుకున్నారు. ఆదివారం వస్తే చాలు, కారెక్కించి చెరువనీ జలపాతమనీ పాత కోటనీ తిప్పేవాళ్లు.

ఎక్కడికెళ్లినా నా చున్నీ కొస అక్క చేతిలోనే ఉండేది. "నేనేమన్నా తప్పిపోయే పిల్లనా?" అంటే నవ్వేసేది. ఇంత ముద్దు చేసేవాళ్లు దొరికారని మురిసిపోయాను.

ఈ ఆదివారం కొండ మీదికెళ్లాం. అంచున నిలబడితే కింద లోయంతా పొగమంచు. నా ఫోన్ అక్కకిచ్చాను.

"ఒక్క ఫోటో తియ్యక్కా. ఇన్ని చోట్లు తిరిగాం, మనకి ఒక్కటీ లేదు."

మిగతావాళ్ల మాటలు ఆగిపోయాయి. అక్క ఒక చేత్తో ఫోన్ ఎత్తింది. రెండో చేతిలోని చున్నీ కొస మాత్రం వదల్లేదు.

"లోయ పడుతోందా అక్కా? కొంచెం వెనక్కి జరగనా?"

ఫోన్ కింద పడింది. అక్క నన్ను గుంజి గట్టిగా వాటేసుకుంది.

"నీ గదిలో ఇంతకుముందున్న పిల్ల కూడా ఇక్కడే నిలబడి ఇదే అడిగింది," అంది.

"జరగమన్నాను."