అరబా కొత్త ఉద్యోగం

"జీతం స్లిప్పు లేదా? అయితే ఇల్లూ లేదు," అంటూ బ్యాంకులో ఇంటి అప్పులు చూసే క్వాన్సా అరబా ఫైలు వెనక్కి తోసేశాడు.

అరబాకు ఒళ్ళు మండింది. కేప్‌కోస్ట్‌లో ఎవరు పోయినా అంత్యక్రియల పోస్టరు ఆమె కంప్యూటర్లోంచి రావాల్సిందే. "ఆరేళ్ళుగా ఒక్క నెల కూడా ఖాళీగా లేను సార్. పన్ను కట్టిన రసీదులు కూడా ఉన్నాయి, చూడండి."

"ఒక నెల జనం చావడం మానేశారనుకో, కిస్తీ ఎవరు కడతారమ్మా?"

పక్క కౌంటర్ల వాళ్ళు కిసుక్కున నవ్వారు.

"బుద్ధిగా ఎక్కడైనా ఉద్యోగంలో చేరు. మూడు నెలల స్లిప్పులు, కంపెనీ లెటరు పట్టుకురా. అప్పుడు మాట్లాడదాం."

ఆమె కొనాలనుకున్నది రెండు గదుల ఇల్లు. ఈస్టర్ లోపు అప్పు పుట్టకపోతే ఇంకొకరికి అమ్మేస్తానని బిల్డరు తెగేసి చెప్పాడు. అరబా ఫైలు తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఈస్టర్ ముందు బుధవారం మళ్ళీ వచ్చింది. మూడు స్లిప్పులు, లెటరు, కంపెనీ రిజిస్ట్రేషను, జీతంలోంచి పింఛనుకు కట్టిన రసీదులు వరసగా బల్ల మీద పెట్టింది.

క్వాన్సా మొహం చాటంత అయింది. "అదీ! పెద్దవాణ్ణి, చెబితే విన్నావు." లెటరు కింద గుండ్రటి ముద్రను వేలితో నిమిరాడు. ముద్ర కనబడితే ఆయనకు ఇంకేమీ చదవబుద్ధి కాదు. "యజమాని ఎలాంటివాడు?"

"ఆడమనిషే సార్. వట్టి రాక్షసి. జ్వరమొచ్చినా సెలవివ్వదు, ఆదివారమూ పనే."

"అలా ఉంటేనే మీలాంటివాళ్ళు దారికొస్తారు! జీతం మాత్రం టంచనుగా ఇస్తోందా?"

"ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి."

క్వాన్సా లోపలికెళ్ళి మేనేజరు సంతకంతో తిరిగొచ్చాడు. అప్పు మంజూరు! అరబా కాగితం అందుకుంది. ఇల్లు! తన సొంత ఇల్లు! సంతోషం పట్టలేక అక్కడే గంతేయాలనిపించింది.

"ఇంత పద్ధతైన కంపెనీకి మా బ్యాంకులో ఖాతా లేకపోవడమేంటి? ఉండు, మీ మేడమ్‌ని ఇప్పుడే అడుగుతా," అంటూ క్వాన్సా లెటరు మీది నంబరు నొక్కాడు.

అరబా హ్యాండ్‌బ్యాగులో ఫోను మోగింది.

ఆమె తాపీగా తీసి చెవిన పెట్టుకుని, ఆయన కళ్ళలోకే చూస్తూ అంది: "చెప్పండి సార్, మేడమ్‌నే మాట్లాడుతున్నా."