మూడో నంబరు తలుపు

"ఎవరు పెట్టారిది?"

చవ్‌దర్ అరుపుకి గదిలో కీబోర్డుల చప్పుడు టక్కున ఆగిపోయింది.

ప్లోవ్‌దివ్‌లో లిఫ్టులను నడిపే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసే ఆఫీసు అది. తనిఖీవాళ్ళు వస్తున్నారు, కన్సోల్ తెర మీద లోపాల్ని చూపించే డీబగ్ వరుస ఒక్కటి కూడా అచ్చు కాకూడదని యజమాని చవ్‌దర్ నిన్ననే హుకుం జారీచేశాడు. తీరా ఈ పొద్దున వాళ్ళు బటన్ నొక్కగానే తెర మీద ప్రత్యక్షం: "తలుపు 3 | చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు | 7 సార్లు". అనుమతి అక్కడికక్కడే నిలిచిపోయింది.

"నేనే పెట్టాను," అంటూ లేచింది రుమ్యానా. ఆ గదిలో అందరికన్నా పెద్దది ఆవిడే.

పక్క కుర్చీలో కుర్రాడు బొగొమిల్ ఉలిక్కిపడ్డాడు. సగం లేచాడు. "అక్కా, అది..."

"నువ్వు కూర్చో. పెద్దవాళ్ళ మధ్య నీకెందుకు?"

"తీసెయ్యమన్నానా, లేదా?" అన్నాడు చవ్‌దర్.

"అన్నావు. అద్దం పగలగొడితే మొహం మీద మచ్చ పోతుందా? లోపం తలుపులో ఉంది."

"పైగా గళ్ళు కట్టి, అంకెలు పేర్చి మరీ పెట్టారు!"

"చదవడానికే కదా అచ్చువేసేది!"

"ఈ బొగొమిల్‌ని చూసి నేర్చుకోండి. చెప్పింది నోరెత్తకుండా చేస్తాడు. మీకు వయసుతోపాటు పొగరూ ముదిరింది. రాజీనామా రాసివ్వండి!"

"నేనెందుకు రాస్తాను? నువ్వే పీకెయ్. కారణం మాత్రం నీ చేత్తో రాయి, తలుపు చేతులు నలిపేస్తుందని చెప్పినందుకు తీసేశానని. కింద సంతకం పెట్టు." తెల్లకాగితం అతని ముందుకు తోసింది.

చవ్‌దర్ పెన్ను తీశాడు. కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ముందా తలుపు సంగతి చూసి చావండి!" అంటూ విసవిసా వెళ్ళిపోయాడు.

వెనక ఎవరో ఈల వేశారు. బొగొమిల్‌కి మాత్రం సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

"నేను నోరు విప్పాల్సిందక్కా."

"నీ ప్రొబేషన్ అయ్యాక విప్పుదువుగాని. నిన్ను మాత్రం కారణం రాయకుండానే గెంటేసేవాడు. భయమంటే ఏమిటో నాకూ తెలుసులే, తిను." చీజ్ కూరిన పొరల రొట్టె, బనిత్సాలో సగం తుంచి అతని చేతిలో పెట్టింది.

నిన్న ఆమె తీసేసిన వరుసని దొంగచాటుగా తిరిగి పెట్టింది బొగొమిలే.