అమ్మే బండికి ఒరిజినల్

"అమ్మేసే బండికి ఒరిజినల్ ఎందుకండీ?" అంది తులసమ్మ, నూజివీడులో ఇన్నయ్య మెకానిక్ షెడ్డు ముందు నిలబడి.

ఆవిడ భర్త లక్ష్మీనరసింహారావు ఆ మాట వినిపించుకోలేదు. ఆయన తన పాత కారు బానెట్ మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు. కారు నల్లగా పొగ కక్కుతోంది. స్టీరింగ్ ముందు పసుపు లైటు వెలిగింది వెలిగినట్టే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని పొద్దున్నే తిప్పి పంపేశారు.

"ఆక్సిజన్ సెన్సర్ పోయిందండీ," అన్నాడు ఇన్నయ్య. "ఇంజన్‌కి ఎంత పెట్రోలు కావాలో పొగని బట్టి చెప్పేది అదే. నా దగ్గర యూనివర్సల్ ఉంది. ఏ బండికైనా వేసుకోవచ్చు. పాతదాని ప్లగ్గు కోసి ఆ నాలుగు వైర్లూ దీనికి కలిపితే అయిపోద్ది. అచ్చం మీ కారుకే సరిపోయేది కావాలంటే మాత్రం బెజవాడ నుంచి రావాలి. దానికి ప్లగ్గు కూడా ఉంటది, టక్కున కూర్చుంటది. రేటు ఎక్కువ, పాత మోడల్ కాబట్టి వెతకాలి కూడా."

"అతికింది ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు రావు.

"సరిగ్గా అతికితే బానే ఉంటదండీ. వానల్లో, బురదలో తిరిగితే ఎప్పుడైనా అతుకు దగ్గర పేచీ రావచ్చు. రాదని చెప్పను."

"విన్నావా?" అన్నాడు భార్యతో.

"విన్నాను. ఆగిరిపల్లిలో సగం తోటలకి మామిడి అంట్లు కట్టిన మనిషి, నాలుగు వైర్లు అతుకుతానంటే ఒప్పుకోవట్లేదు," అంది తులసమ్మ.

ఇన్నయ్య నవ్వాడు. రావు నవ్వలేదు. చూపు మందగించింది, ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పబట్టి అమ్ముతున్నాడు గానీ, లేకపోతే ఆ కారు ఆయన గడప దాటేది కాదు. దాదాపు పాత ఇనుము ధరకే రెడ్డిగూడెం రవిచంద్రకి ఇస్తానన్నాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, బండిని తుక్కు కింద అమ్మకూడదు. "తుక్కుకి ఎందుకేస్తాను బాబాయ్‌గారూ, నాకు దాంతో చాలా అవసరం ఉంది," అన్నాడు ఆ అబ్బాయి. తలుపులు తీసి వేసి చూశాడు, అద్దాలు ఎక్కించి దించాడు, బయానా ఇచ్చి వెళ్ళాడు.

"ఇంజన్ గురించి ఒక్క మాటైనా అడిగాడా?" అన్నాడు రావు. "అంతగా నమ్మాడు నన్ను. నమ్మినవాడికి అతుకుల బండి అంటగట్టలేను తులసీ."

"రేపు వస్తానన్నాడుగా. ఆలస్యమైతే ఇంకో బండి చూసుకుంటాడు. అప్పుడు తుక్కువాడే దిక్కు."

 రావు ఫోన్ తీసి రవిచంద్రకి కలిపాడు. "రెండు రోజులు ఆగుతావా?" అని అడిగాడు.

"గురువారం దాటితే కష్టమండీ. కోతలు మొదలయ్యేలోపు బండి తోటలో ఉండాలి."

"గురువారం పొద్దున్న నీదే."

బుధవారం మధ్యాహ్నం దాకా బెజవాడ నుంచి ఏమీ రాలేదు. రావు షెడ్డులో పాత టైరు మీద కూర్చుని వచ్చిన ప్రతి బస్సునీ చూస్తున్నాడు. "ఇంకా ఆలోచిస్తారేంటండీ, యూనివర్సల్ వేసేస్తా," అన్నాడు ఇన్నయ్య. వేసేయమందామని నోటిదాకా వచ్చింది. రవిచంద్రకి తెలిసే అవకాశమే లేదు. కానీ వానాకాలంలో ఏ జి. కొండూరు రోడ్డు మీదో బండి మొరాయిస్తే, ఆ కుర్రాడు తనని ఏమనుకుంటాడో అన్న ఆలోచన ఆయనకి మింగుడుపడలేదు.

సాయంత్రం బస్సులో పార్సిల్ దిగింది. సెన్సర్ టక్కున కూర్చుంది. పసుపు లైటు ఆరిపోయింది, సర్టిఫికెట్ కూడా చేతికొచ్చింది. ఇన్నయ్య కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని రావు ఇంటిదాకా ఇంజన్ చప్పుడు వింటూ వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆయనకి మనసు తేలికైంది.

గురువారం పొద్దున్న రవిచంద్ర ట్రాక్టరేసుకుని వచ్చాడు.

"ట్రాక్టరెందుకయ్యా? స్టార్ట్ చేసి నడుపుకుపోవడమే," అంటూ రావు తాళం తిప్పాడు. దిగి వెళ్ళి పొగ గొట్టం దగ్గర తెల్ల జేబురుమాలు పట్టి, మసి అంటలేదని తీసి చూపించాడు. "కొత్త సెన్సర్. ఒరిజినల్. ఇంజన్ గురించి నువ్వింక చూసుకోనక్కర్లేదు."

రవిచంద్ర ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మీరు ఇంత శ్రమ పడుతున్నారని తెలీదు బాబాయ్‌గారూ. నన్నొక మాట అడిగుంటే చెప్పేవాణ్ణి."

"నువ్వు అడగలేదనే చేయించాను," అన్నాడు రావు సంతోషంగా.

రవిచంద్ర వంగి, కారు ముందు కొక్కేనికి తాడు ముడివేశాడు.

"కిందటేడు తోటలో పాకలోకి పాము దూరిందండీ. పాకకి బదులు తలుపులు గట్టిగా పడేది ఏదైనా చూసిపెడితేనే రాత్రిళ్ళు అందులో కాపలా పడుకుంటానన్నాడు తోట కాసే మా పెద్దిరాజు," అన్నాడు లేచి చేతులు దులుపుకుంటూ. "ఇంజన్ ఉంటే ఎలకలు చేరతాయంట. తీయించి మీకే పంపిస్తాలెండి."