నల్లుల చాప

నమీరో మళ్ళీ మెడ గోక్కుంది. గోళ్ళ కింద నెత్తురు.

"గోకొద్దన్నానా! సవతి తల్లి చంపుకు తింటోందంటారే నన్ను!" అంది జల్వాంగో.

ఆమె భయం ఆమెది, పాపం. పాకే బిడ్డని వదిలి మొదటి భార్య ఎప్పుడో చనిపోయిన ఇంట్లోకి కొత్తగా కాపురానికొచ్చింది. పిల్ల ఒంటి మీద ఒక్క మచ్చ కనబడితే చాలు, మసాకా ఊరంతా ఈమెనే వేలెత్తి చూపిస్తుంది.

మొన్న జల్వాంగో సొంత తల్లి కూడా అదే మాట అంది.

"పిల్ల ఒళ్ళు చూశావటే? ఆ దద్దుర్లేమిటి, నీ నిర్వాకం..."

అంతలో వీధిలో లారీ హారన్ మోగింది. అల్లుడు కలిబ్బాల! ఆవిడ మాట మింగేసి, పైగుడ్డ మొహం మీదికి లాక్కుని, కోళ్ళని తొక్కుకుంటూ వంటపాక వెనక్కి పరుగో పరుగు. అత్త మొహం అల్లుడి కంటబడితే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందని మా వాళ్ళ భయం మరి.

నమీరో పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత ఆ పిల్ల నవ్వింది లేదు, గోక్కోవడమే.

ఇవాళ కలిబ్బాల లారీ వేసుకుని సరిహద్దు వైపు వెళ్ళాడు.

పొద్దెక్కాక వాకిట్లో ఒక ముసలామె నిలబడింది. కాళ్ళ నిండా దుమ్ము, చంకలో చుట్టిన చాప.

నమీరో పెద్దవాళ్ళకి చేసే మర్యాదగా మోకాళ్ళ మీద వంగి పలకరించింది. జల్వాంగో మాత్రం కదల్లేదు. దారినపోయేవాళ్ళకి మోకాళ్ళెందుకు?

"మీ ఆయన ఇంట్లో ఉన్నాడా తల్లీ?"

మగవాడు లేని ఇల్లు వెతుక్కునే దొంగలు ఇలాగే అడుగుతారు.

నిద్రపోతున్నాడని జల్వాంగో అబద్ధమాడేలోపే, "లేడు, లారీ మీద వెళ్ళాడు" అనేసింది నమీరో.

అప్పుడుగానీ ముసలామె గడప దాటలేదు. తిన్నగా వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇది దోమకాటు కాదు. దోమ ఎక్కడపడితే అక్కడ కుడుతుంది. ఇవి చూడు, చీమల బారులా ఎలా ఉన్నాయో. మంచం చూపించు."

"నా ఇంట్లో నల్లులా! నోరు మంచిదేనా నీది?"

ముసలామె పరుపు ఎత్తింది.

చెప్తుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది నాకు. కుట్ల వెంట నల్లటి మచ్చలు, మిరియాల పొడి చల్లినట్టు. కొయ్య సందుల్లో గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. తాగి ఉబ్బినవి కొన్ని, ఆకలికి అట్టకట్టినవి కొన్ని. మధ్యలో తెల్లటి గుడ్లు, విడిచిన తోళ్ళు. కుళ్ళు కంపు గుప్పున కొట్టింది. ముసలామె ఒకదాన్ని గోటితో నొక్కితే ఎర్రగా చిట్లింది.

"ఈ నెత్తురు ఎవరిదనుకున్నావు?"

జల్వాంగో బయటికి ఉరికి భళ్ళున కక్కుకుంది.

"మంచం ఎండలో వెయ్యాలి. నీళ్ళు మరగబెట్టు."

"వాకిట్లోనా? అందరూ చూడరూ?"

"చూడనీ. నువ్వు దాచినకొద్దీ అవి పిల్లలు పెడుతుంటాయి."

మంచం విప్పి, సందు సందునా కుతకుతలాడే నీళ్ళు పోసింది ముసలామె. నల్లులు నువ్వుల్లా తేలుతూ వాకిట్లో కాలవ కట్టాయి. బట్టలన్నీ ఉడకబెట్టింది. గోడ బీటల్లో మట్టి మెత్తింది.

"ఒక్కసారితో పోవు సుమా. మిగిలిన గుడ్లు పిల్లలవుతాయి. వారం పోయాక మళ్ళీ పొయ్యాలి, ఆపైన మళ్ళీ."

తర్వాత తన చాప విప్పి పరిచింది. ఎర్ర అంచు, ఇంకా వదలని కొత్త ఈతాకు వాసన.

"మంచం ఆరేదాకా దీని మీద పడుకో బంగారం."

నమీరో ఒరిగిందో లేదో కన్ను మూతపడింది. చెయ్యి మెడ మీదికి పోలేదు.

అప్పుడు పక్కింటి బుకీర్వ కంచె మీంచి తొంగి చూసింది.

"ఏమే జల్వాంగో, ఏమిటా కంపు? అయ్యయ్యో, నల్లులు! రండే రండి! సవతి బిడ్డని నల్లులకి మేతేసింది!"

కంచె పొడుగునా తలలు లేచాయి.

జల్వాంగోకి భూమిలోకి కుంగిపోయినట్టయింది. నోటికొచ్చింది అనేసింది.

"నా ఇంటివి కావు! ఈ ముసలిది తెచ్చింది! ఈ చాపలోంచే దిగాయి!"

నిద్రపోతున్న పిల్ల కింద నుంచి చాప లాగి పొయ్యిలో కుక్కింది. ఈతాకు భగ్గుమంది. నమీరో లేచి బావురుమంది.

అందరి చూపూ ముసలామె మీదే. ఆమె చూపు మాత్రం పిల్ల మీద. తల దించుకుంది.

"అవునమ్మా. నా చాపలోవే. ఈ అమ్మాయి ఇల్లు శుభ్రంగానే ఉంది."

"ఛీ, పోవే ఇక్కణ్ణించి!" బుకీర్వ తుపుక్కున ఉమ్మింది.

అంతలో వీధిలో లారీ హారన్ మోగింది.

"సరిహద్దు మూసేశారే, వెనక్కొచ్చేశా! ఏమిటీ గుంపు?" అంటూ కలిబ్బాల వాకిట్లోకి వస్తున్నాడు.

ముసలామె ఉలిక్కిపడింది. పైగుడ్డ మొహం మీదికి లాక్కుని, వీపు తిప్పి, కోళ్ళని తొక్కుకుంటూ అరటి తోటలోకి పరుగెత్తింది.

"అచ్చం మీ అమ్మలాగే!" అని జల్వాంగోతో అంటూ ఏడుపులోనే కిసుక్కుమంది నమీరో.

కంచె మీద తలలన్నీ తోట వైపు తిరిగాయి. జల్వాంగో అటు తిరిగి మోకాళ్ళ మీద వంగింది. తోటలో అరటాకులు తప్ప ఏమీ కదలడం లేదు.

కలిబ్బాలని చూసి అలా మొహం దాచుకోవలసిన ఆడది, తన తల్లి కాక లోకంలో ఇంకొక్కతే ఉంది. నమీరో అమ్మని కన్న తల్లి.