పదో వేలు

"నెంబరు చెప్పమ్మా" అన్నాడు కాశన్న.

మార్కాపురం బస్టాండులో సోడాలు అమ్ముతాడాయన. ఫోన్లకు రీఛార్జి కూడా చేస్తాడు.

సుమతి తన నెంబరును తన ఫోనులోనే వెతుక్కుంది.

"సొంత నెంబరు కూడా గుర్తు లేదా తల్లీ?"

"అన్నీ ఇందులోనే ఉంటే ఇంక బుర్రకేం పని అన్నా?"

నవ్వుతూ ఒక్కొక్క అంకే గట్టిగా చదివింది. బస్సుల రొదలో ఆయనకు సరిగా వినపడలేదు. మళ్లీ చదివింది.

డబ్బులిచ్చి తిరిగేసరికి పక్కన మల్లి లేదు. ఆరేళ్ల కూతురు.

గబగబా చుట్టూ చూసింది.

దుకాణం పక్కన అరుగు మీద కనిపించింది పాప. ఎవరో అవ్వ, భుజాన గొంగడి. పాప రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వేలే ముడుస్తూ చెవిలో ఏదో చెబుతోంది. మల్లి పెదవులు కదుపుతోంది.

మంత్రం! సుమతికి తోచింది అదొక్కటే.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ముసలివాళ్ల వేషంలో తిరుగుతున్నారని పొద్దున్నే ఫోనులో వచ్చింది. నిజమో కాదో ఆలోచించలేదు. తనూ నలుగురికి పంపింది.

"ఏయ్, ఎవురు నువ్వు? నా బిడ్డనెందుకు పట్టుకున్నావు?"

అవ్వ బెదిరింది. పాప చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఇంకొక్క వేలుంది తల్లీ. ఒక్కటే. ఆగు."

"వేలేంది? ఏం చేస్తన్నావు దానికి?"

మల్లిని లాక్కుంది. ఫోనెత్తి అవ్వను ఫోటో తీసింది.

"అమ్మా, ఒక మాట విను!" కాశన్న కేకేశాడు.

గిద్దలూరు బస్సు కదులుతోంది. సుమతి వినలేదు.

బస్సులో కూర్చోగానే పాపను తనవైపు తిప్పుకుంది.

"ఏమడిగింది నిన్ను?"

"నీ నెంబరు. నాకు తెలవదు, ఫోనులో అమ్మ అని నొక్కితే చాలు, వస్తది అన్నా. అవ్వ ఏడ్చింది."

"దొంగేడుపు. ఆ ముసలిదాని మాట మళ్లీ నోట రానీయకు."

 మల్లి ఒళ్లో వేళ్లు ముడుచుకుంటూ కూర్చుంది.

సుమతి ఫోటోను ఊరి గ్రూపులో పెట్టింది. పిల్లల దొంగ, మార్కాపురం బస్టాండు, జాగ్రత్త.

గిద్దలూరులో దిగేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. ఎవరామె? ఎట్ల దొరికింది? నిలబడే అందరికీ జవాబులు రాసింది. 'మీ పిల్లలను కనిపెట్టుకుని ఉండండి' అని రాసి తలెత్తింది.

మల్లి లేదు.

ఈసారి ఏ అరుగు మీదా లేదు. కొళాయి దగ్గర లేదు.  సుమతి వేళ్లు వాటంతటవే ఫోనులో రాశాయి, 'బిడ్డ తప్పిపోతే ఏం చేయాలి?'

పూలమ్మే ఆమె భుజం పట్టి కుదిపింది.

"ఆ ఫోనులో ఏముందక్కా? బిడ్డను పేరు పెట్టి పిలువు!"

అప్పుడు అరిచింది. మల్లీ, మల్లీ అని. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరూ పలకలేదు.

ఆ అవ్వే. వెంట వచ్చి ఎత్తుకుపోయింది.

అదే ఫోటో మళ్లీ పంపింది. 'నా బిడ్డను ఎత్తుకుపోయింది. కనబడితే వదలొద్దు.'

ఫోను మోగింది. తెలియని నెంబరు. కట్ చేసి భర్తకు చేయబోయింది. మళ్లీ అదే నెంబరు.

"మల్లి మీ పాపేనా అమ్మా? నేను బస్సు కండక్టరును, ఝాన్సీ నా పేరు. మీ చీర లాంటిదే కట్టుకున్నామె వెనకాల మా నంద్యాల బస్సెక్కేసిందంట. దిగువమెట్ట కాడ ఆపించినాం. ఇది దాటితే అడవి, సిగ్నలుండదు."

"నా బిడ్డే అక్కా! నా నెంబరు మీకెట్ల తెలిసింది?"

"మీ బిడ్డ మాటకారమ్మా! వేళ్లు ముడుచుకుంటా తొమ్మిదంకెలు గడగడా చెప్పింది. పదో వేలికి అవ్వ చెప్పలేదంట. సున్నా కాడి నుంచి ఒక్కొక్కటే నొక్కుకుంటా వచ్చినా. ఎన్ని తిట్లు తిన్నానో! మీరొక్కరే పలక్కుండా కట్ చేసినారు. అందుకే మళ్లీ చేసినా."

ఏ అవ్వ అని సుమతి అడగలేదు.

పంపిన ఫోటోను చెరిపేసింది. కాసేపటికే దాన్ని కంభం నుంచి ఒకరు, కనిగిరి నుంచి ఒకరు తనకే తిరిగి పంపారు.

మరునాడు పాపను తీసుకుని మార్కాపురం వచ్చింది.

అరుగు మీద గొంగడి ఉంది. అవ్వ లేదు.

"నిన్న సాయంత్రం ఎవురో ఫోనులో ఫోటో చూసుకుంటా వచ్చినారు" అన్నాడు కాశన్న, సుమతి ముఖం చూడకుండా. "నేను అడ్డం పోయేలోపలే చెయ్యి చేసుకున్నారు. ఎటు పోయిందో తెలవదు."

మల్లి చిటికెన వేలు చూపించింది.

"అవ్వ రాదా తాతా? దీనికేం చెప్పాల?"

కాశన్న తుడుస్తున్న సోడా సీసాను పక్కన పెట్టాడు.

"గురవమ్మ ఆమె పేరు. అర్ధవీడు పక్క గొర్రెలోళ్లు. రీఛార్జికి వచ్చిన తల్లులు నెంబరు చదువుతుంటే విని, వాళ్ల పిల్లల వేళ్లకు ఎక్కించేది. మందలో గొర్రెపిల్లకు కూడా తల్లి అరుపు తెలుసు, బడికి పోయే బిడ్డకు తల్లి నెంబరు తెలవకుంటే ఎట్ల అనేది."

"ఎందుకన్నా, ఆమెకెందుకు?"

"తిరునాళ్లలో తప్పిపోయి, ఇదో ఈ అరుగు కాడే నిలబడి ఏడ్చింది ఆమె మనవరాలు. మీ అమ్మ నెంబరు చెప్పు పాపా అని నేనే అడిగినా. 'అమ్మ అని నొక్కు, వస్తది' అనింది. ఎవురికో సోడా కొట్టిచ్చి తిరిగి చూసేలోపల లేదు తల్లీ, ఇప్పటికీ లేదు."